మామూలు అరుగుదల

మూడేళ్ళు మా గరాజు ముందు నిలబడింది
నాది కాని బండి.
కాగితాల్లో దాని రంగుకు ఏదో రాజుల పేరు రాశారు.
మా తమ్ముడు ఓర్వో మాత్రం చూడగానే
బీట్‌రూట్ ఉడికించిన నీళ్ళు అన్నాడు.
అదే ఖాయమైంది.

నెలకు నాలుగు వందల పన్నెండు డాలర్లు.
ఏడాదికి పదివేల మైళ్ళు.
ఆ పైన ప్రతి మైలుకూ పావు డాలరు.
నేను సంతకం పెడుతుంటే గస్ లెమ్యూ పెన్ను కేసి చూశాడు.
నేను అద్దంలోంచి ఓర్వోని చూశాను.
చక్రాల కుర్చీలో కూచుని
వెనక తలుపు ఎత్తు జానలతో కొలుస్తున్నాడు,
గుర్రాన్ని కొనేవాడు పళ్ళు చూసినట్టు.

ఎరువు సొమ్ము బరువు చేటు. తెలియక కాదు.
కుర్చీ మడవకుండా పట్టే బండి
నా జీతానికి అందింది అదొక్కటే.

వారానికి మూడుసార్లు
సుపీరియర్ సరస్సు పక్కనుంచి డయాలిసిస్‌కి,
ఇరవై రెండు మైళ్ళు పోను, ఇరవై రెండు రాను.
మంచు కురిసిన రోజుల్లో
వైపర్లు తుడిచినంత మేరే లోకం.
సీట్ల వేడి అతనికి పిల్లిపిల్లంత ఇష్టం,
నడివేసవిలో కూడా ఆపనిచ్చేవాడు కాదు.
నేను చెమట్లు కక్కుతూ నడిపేదాన్ని.

రాత్రి బండి ఆపాక, ఇంజను చల్లారకముందే,
చిన్న నోటుబుక్కులో మైళ్ళు రాసేదాన్ని.
మా అమ్మ పిండి డబ్బా మీద గీతలు గీసుకున్నట్టు.

మొదటి శరత్తులో అడిగాడు:
"హెల్వీ, ఒకసారి మాకినా వంతెనకు తీసుకెళ్ళవూ?"
వయసులో రెండు వేసవులు
దానికి రంగు వేశాడు, తాడుకు వేలాడుతూ.
ఆకుపచ్చంతా నాదే, స్తంభాల తెలుపు వేరేవాడిది
అని ఆసుపత్రిలో కనపడిన ప్రతి నర్సుకీ చెప్పేవాడు.

నూట అరవై అయిదు మైళ్ళు. రానూపోనూ రెట్టింపు.
నోటుబుక్కు తీశాను.
మనసులో పావు డాలర్లు గలగలమన్నాయి:
ఎనభై రెండున్నర.
"వచ్చే ఏడు చూద్దాంలే, మైళ్ళు మిగిలితే."
అతను సీటు వేడి ఇంకో మెట్టు పెంచుకున్నాడు,
అంతే.

పద్నాలుగో నెలలో పోయాడు.
సరస్సు మీద మంచుగడ్డలు ఇంకా విడిపోలేదు.

తర్వాత ఇరవై రెండు వాయిదాలు
ఖాళీ సీటుకు కట్టాను.
పనికీ, కిరాణా కొట్టుకీ, చర్చికీ తిరిగితే
ఎన్ని మైళ్ళవుతాయి?
గడువు ముగిసేసరికి
పదకొండు వేల నాలుగు వందలు మిగిలాయి.
వాడని మైళ్ళకు డబ్బు తిరిగి రాదట.
ఆ మాట పన్నెండో పేజీలో మొదటినుంచీ ఉందట.

ఆఖరి వారం ఒక్కదాన్నీ బయలుదేరాను.
రెండు సీట్లూ వేడి పెట్టాను.
వంతెన దగ్గర పొగమంచు.
రుసుము పుచ్చుకున్న పిల్ల
నెమ్మదిగా పొమ్మంది, గాలి ఉందని.
ఆకుపచ్చా లేదు తెలుపూ లేదు,
టైర్ల కింద ఇనప జల్లెడ మూలుగు మాత్రం వినిపించింది.
అవతలి ఒడ్డున కాఫీ తాగి తిరిగొచ్చాను.
అప్పటికీ తెరిపివ్వలేదు.

అప్పగించిన రోజు
బ్రాడీ అనే కుర్రాడు ప్లాస్టిక్ బిళ్ళ పట్టుకుని
బండి చుట్టూ తిరిగాడు.
గీత బిళ్ళకన్నా పొడవుంటే డబ్బు, లేకపోతే లేదు.
ముందు తలుపు మీద సొట్టకు నూట నలభై వేశాడు.
అది ఎవరి బండో తగిలింది, నాకు గుర్తే లేదు.

వెనక తలుపు కింద, గడప లాంటి చోట,
కుర్చీ చక్రం ఎక్కీ దిగీ
ప్లాస్టిక్కు తెల్లగా అరిగింది.
రెండు గాడులు, పక్కపక్కన.
బ్రాడీ వంగాడు. బిళ్ళ పెట్టాడు. తీశాడు.
"దీనికేం అక్కర్లేదమ్మా.
మామూలు అరుగుదలే ఇది."

పాపం, మంచి వార్తే చెప్పాననుకున్నాడు.
మళ్ళీ కొలవమన్నాను.
సరిగ్గా చూడు బాబూ అన్నాను,
వేలు పెట్టి చూపించాను లోతు,
ఇదిగో ఇక్కడ, ఇక్కడ చూడు అన్నాను.
వెనక ఎవరో వరసలో ఎదురుచూస్తున్నారు.